గోడ రాసిన జవాబు

మొన్న మా మేనకోడలు ఇంటికి వచ్చి, తను పాఠాలు చెప్పే బడిలో కొత్త విద్య మొదలైందని గొప్పగా చెప్పింది. పిల్లలు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, కంప్యూటర్లో అందరూ ఒకే పేజీ మీద రాస్తారట. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దుతారట, మూడోవాళ్ళు చెరుపుతారట, చెరిపింది తప్పని నాలుగోవాళ్ళు మళ్ళీ రాస్తారట. చివరికి మిగిలినదానికి అందరికీ కలిపి మార్కులు వేస్తారట. ఇదంతా నేర్పడానికి సార్లను, టీచరమ్మలను ఏదో పెద్ద హోటల్లో కూర్చోబెట్టి, భోజనాలు పెట్టి మరీ ట్రైనింగ్ ఇచ్చారట. నాకు నవ్వాగలేదు. మా చిన్నప్పుడు ఈ విద్యకు కాపీ అని పేరు. భోజనం మాట దేవుడెరుగు, దొరికిపోయిన పూట ఇంట్లో అన్నం కూడా సయించేది కాదు.

“నవ్వుతవేందత్తా? ఇది బడిని మొత్తం మారుస్తది,” అంది మేనకోడలు.

మారుస్తుందేమో, నాకు తెలియదు. మాకూ అలాంటి పేజీ ఒకటి ఉండేది. కొత్తవాడలో మసి పూసిన గోడ అది. దానివల్ల బడి ఏమీ మారలేదు, మేమే మారాల్సి వచ్చింది.

డెబ్బైల చివర్లో మా వాడలో ఏ సందులో నడిచినా మగ్గాల చప్పుడే. మాది జంపఖానాలు నేసే ఇల్లు. చిన్న జంపఖానా అయితే ఒక్కరే నేయవచ్చు. పెళ్ళిపందిట్లో పరిచే పెద్దదానికి మాత్రం మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కుడిసగం ఒకరిది, ఎడమసగం ఇంకొకరిది. ఎవరి సగంలో అడ్డపోగు, అంటే పేక, వాళ్ళు నింపి, చేతిలో ఉన్న దువ్వెనలాంటి ఇనుప పంజాతో టక్ టక్‌మని రెండు దెబ్బలు కొట్టాలి. నాది అయింది, నీ కోసం ఆగానని దానర్థం. పక్కనున్నవాళ్ళు తమది అయ్యాక రెండు కొడతారు. అప్పుడే ఇద్దరూ తరువాతి వరసకు పోవాలి. ఒకరు ముందు ఉరికితే బట్ట వంకరపోతుంది. ఇది మాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఉయ్యాలలో ఉన్నప్పటినుంచీ ఆ దెబ్బలు చెవుల్లో పడుతూనే ఉన్నాయి.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. నేతలో తప్పు కనబడితే ఎవరైనా విప్పవచ్చు. కాని విప్పినవాళ్ళే మళ్ళీ నేయాలి. తప్పు చూపించి చేతులు దులుపుకుని పోయేవాళ్ళకు మా మగ్గాల దగ్గర చోటు లేదు. అలాంటివాళ్ళంతా సార్లయ్యారని మా బాపు అనేవాడు.

నేను పదో తరగతికి వచ్చిన ఏడే, అమ్మకు జోడుగా కూర్చునే మా చిన్నమ్మ మొగుడితో కలిసి భివండికి పవర్‌లూముల మీద పనికి వెళ్ళిపోయింది. అమ్మ పక్క జాగా ఖాళీ అయింది. పెద్ద జంపఖానాలు ఆగిపోయి, ఇంట్లో చిన్నవి మాత్రమే దిగుతున్నాయి. బాపు ఒక్క మాటలో తేల్చేశాడు.

“బడోళ్ళు పెద్ద పరీక్షకు నీ పేరు పంపిస్తె రాయి. పాసైతే కాలేజికి పో, నేనొద్దన. పేరు పోకుంటె మాత్రం అమ్మ పక్కపొంటి కూసో. ఇంక సదువు మాట ఎత్తద్దు.”

అమ్మ ఆ ఖాళీ జాగాలో పేక ఉండలు పెట్టుకుని పని చేసుకుంటూ ఉండేది. మగ్గం నాకు నామోషీ కాదు. కాని చదువంటే పిచ్చి. పొద్దున లేవగానే ఆ జాగా కళ్ళబడితే ముఖం తిప్పుకుని పుస్తకం తీసేదాన్ని.

పక్కింట్లో నా తోటిదే ఒకమ్మాయి ఉండేది. వరసకు ఏమీ కాకపోయినా ఒకరినొకరం వదినె అని పిలుచుకునేవాళ్ళం. వాళ్ళింటి మగ్గానికి వాళ్ళమ్మా అక్కా జోడు. అక్క వంటపని చూసుకునేటప్పుడల్లా వదినె ఎక్కి కూర్చునేది, చిన్నప్పటినుంచీ. లెక్కల్లో మా అందరికంటే దిట్ట. వాళ్ళింట్లోనూ మాట అదే: పరీక్ష లేకపోతే మగ్గమే. మేమిద్దరం కాలేజీకి వేసుకుని పోయే చెప్పులు కూడా బజార్లో చూసిపెట్టుకున్నాం.

మా వాడలో పదో తరగతి వాళ్ళం తొమ్మిదిమందిమి. ఎవరింట్లోనూ ట్యూషన్ పెట్టించే స్థోమత లేదు. నేతగాళ్ళ సంఘం షెడ్డులో డిజైన్లు గీసే తాత ఒకాయన ఉండేవాడు. కొత్త పువ్వు వచ్చినప్పుడల్లా నేసేవాళ్ళందరికీ కనబడేలా ఆ మసి గోడ మీద సుద్దతో గీసి, పక్కన పోగుల లెక్క వేసేవాడు. పువ్వు పని లేని రోజుల్లో సాయంత్రం గోడను మాకు వదిలేసేవాడు. ఒకరు పుస్తకంలోంచి లెక్క ఎక్కించేవాళ్ళు, ఇంకొకరు ఒక మెట్టు చేసేవాళ్ళు, తప్పనిపించినవాళ్ళు లేచిపోయి చెరిపేవాళ్ళు. తాతకు చదువు రాదు, లెక్క తప్పో ఒప్పో ఆయనకు పట్టదు. ఒక్కటే చూసేవాడు.

“చెరిపినోళ్ళే రాయాలె. నాకు గంతే ఎరుక,” అనేవాడు.

ఆ ఒక్క నియమంతో గోడ మీద మూడొంతుల పుస్తకం అయిపోయింది. గొంతు చించుకుని దెబ్బలాడుకునేవాళ్ళం. బడిలో ఏడాదంతా నోరెత్తని పిల్ల కూడా అక్కడ లేచి ‘గిది తప్పు’ అనేది. బడిలో సారు రాస్తారు, సారే చెరుపుతారు. మధ్యలో మేము ఎక్కించుకోవాలి.

మా గోడ గొప్ప గోడని చెప్పుకుని మురిసిపోను. తొమ్మిది తలకాయలు కలిస్తే తెలివి తొమ్మిదింతలవుతుందని మేనకోడలి ట్రైనింగులో చెప్పారట. వాళ్ళు మా తివాచీ లెక్క చూడలేదు.

పుస్తకంలో ఒక లెక్క ఉండేది. ఒక హాలు పొడవు ఇంత, వెడల్పు ఇంత. చుట్టూ గోడల పొంటి అడుగు జాగా వదిలి మధ్యలో తివాచీ పరిస్తే దాని వైశాల్యమెంత? వదినె పోయి చకచకా చేసింది. జవాబు పుస్తకం వెనక ఉన్నదే. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఒకడు లేచి, “మగ్గం మీదికెల్లి దించినంక జంపఖానా గుంజుకపోదా?” అన్నాడు. నిజమే, కురచవుతుంది కదా అనుకున్నాం. పొడవులో జానెడు కలిపాం. కొసల్లో ముడులు వేయడానికి పోగులు వదలాలని ఇంకొకరికి గుర్తొచ్చింది. అదీ కలిపాం. వదినె ఒక్కతే అడ్డం తిరిగింది.

“ఇది లెక్క. లెక్కల తివాచి గుంజుకపోదు,” అంది.

మేము ఎనిమిదిమందిమి. అందరి ఇళ్ళలోనూ కొలత తక్కువొచ్చిందని తివాచీ తిప్పికొట్టిన బేరగాళ్ళ తిట్లు విన్నవాళ్ళమే. నేనూ గట్టిగానే అరిచాను. చివరికి వదినె సుద్ద కింద పెట్టింది. జంపఖానాకు ఈ సగం ఒక తీరు, ఆ సగం ఒక తీరు ఉంటే ఎవరు కొంటారు? అందరం ఒప్పుకున్నది అందరిదీ. గోడ మీద జవాబు పుస్తకం జవాబుకంటే కాస్త లావెక్కి స్థిరపడింది.

అర్ధ సంవత్సర పరీక్షలో హాలు కొలతలు మార్చి సరిగ్గా అదే లెక్క ఇచ్చారు. తొమ్మిదిమందిమి జానెడూ కలిపాం, ముడులూ కలిపాం. తొమ్మిది పేపర్లలోనూ ఒకే జవాబు, ఒకే తప్పు.

పేపర్లు దిద్దిన లెక్కలసారు తొర్రూరు దిక్కు రైతుల ఇంటి మనిషి, మెత్తనివారు. ఆయన పేపర్లు పట్టుకుపోయి పెద్దసారు ముందు పెట్టారు. మా హెడ్మాస్టరును పెద్దసారు అనేవాళ్ళం. ఆయన అచ్చుపుస్తకంలా మాట్లాడేవారు. ఎవరి చదువు వారిదేనని రోజూ ప్రార్థనలో అరిచి చెప్పేవారు. నవ్వితే పుస్తకంలో పేజీ చిరుగుతుందన్నట్టు ఉండేవారు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, “మూలప్రతి ఎవరిది?” అని అడిగారు.

మాకు అర్థం కాలేదు. లెక్కలసారు విడమరిచారు. “అంటె ముందుగాల ఎవరు చేసిండ్రు, ఎవరు చూసి రాసిండ్రు అని.”

“గోడది సార్,” అన్నాడు మాలో ఒకడు, ఉన్నమాటే.

వాడికి రెండు చేతుల మీదా పడ్డాయి.

పెద్దసారుకు ఒక ఇబ్బంది ఉంది. ఆడపిల్లలం ఒక గదిలో రాశాం, మగపిల్లలు వరండా అవతలి గదిలో రాశారు. జవాబు గోడల్లోంచి ఎలా దూరిందో ఆయనకు అంతుపట్టలేదు. అయినా కాపీ జరిగిందనే నమ్మకం వీసమెత్తు తగ్గలేదు. ఎలా జరిగిందన్నది ఒక్కటే తేలాలి. అందుకని ఒకనాడు సాయంత్రం లెక్కలసారును వెంటబెట్టుకుని మా షెడ్డుకే వచ్చారు. అప్పటికి గోడ మీద తాత కొత్త పువ్వు గీసి ఉన్నాడు. రెక్కకు ఎన్ని పోగులో, కాడకు ఎన్నో అంకెలు వేసి ఉన్నాయి. పెద్దసారు కళ్ళద్దాలు సర్దుకుని, “ఇవేనా?” అన్నారు. లెక్కలసారు ఆ అంకెలన్నీ కాగితం మీద ఎక్కించుకున్నారు. ఒక తామరపువ్వు లెక్క మా దొంగతనానికి సాక్ష్యంగా బడికి చేరింది.

“ఇక్కడ ఎవరైనా రాయవచ్చునా?” అని తాతను అడిగారు.

“ఔ సార్.”

“ఎవరైనా చెరపవచ్చునా?”

“చెరపకుంటె ఎట్ల సార్? పనికిరాంది ఉంచుకుంటమా?” అన్నాడు తాత.

పెద్దసారు ముఖం కందగడ్డ అయింది. బడిలో డస్టరు ఆయన బల్ల సొరుగులో ఉండేది.

మర్నాడు మమ్మల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచారు. జానెడు కలపమని ముందు ఎవరన్నారో చెప్పాలి. నేను ఒకరి పేరు చెప్పాను, వాడు ఇంకొకరి పేరు చెప్పాడట, ఆ ఇంకొకరు నా పేరు చెప్పారట. ఎవరమూ అబద్ధం ఆడలేదు. అంత అరుపుల్లో ముందెవరో ఎవరికి గుర్తుంటుంది? తొమ్మిదిమందీ తొమ్మిది తీర్లుగా చెప్పేసరికి, మేము కాపీగాళ్ళమే కాక అబద్ధాలకోర్లం కూడా అయ్యాం.

మేనకోడలి పేజీలో ఒక సుగుణం ఉందట. ఎవరు ఏ అక్షరం ఎప్పుడు రాశారో, ఎవరు చెరిపారో అంతా లోపల దాగి ఉంటుందట, నొక్కితే కనబడుతుందట. పిల్లల ఆలోచన ఎలా నడిచిందో సార్లు చూసుకోవచ్చని ఆమె సంబరం. పాపం, ఆమె మా పెద్దసారును చూడలేదు. ఆ మీట ఆయన చేతికి దొరికి ఉంటే ఆలోచన చూడటానికి నొక్కేవారు కాదు. బెత్తం ఎవరి చేతి మీద పెట్టాలో తెలుసుకోవడానికి నొక్కేవారు. పేజీ మంచిదే, నేను కాదనను. అది పెద్దసారు బల్ల మీద ఉంటేనే నాకు భయం.

చివరికి ఆయన ఒక దారి కనిపెట్టారు. ఒక్కొక్కరూ అందరి ముందూ బోర్డు మీద కొత్త లెక్క ఒకటి చేయాలి. మిగతావాళ్ళు వెనక బెంచీల మీద నోరు మూసుకుని కూర్చోవాలి. చేసినవాళ్ళ పేరు పెద్ద పరీక్షకు పోతుంది. చేయలేనివాళ్ళది పోదు. ఆ మాట విన్నప్పుడు నాకు బోర్డు కనబడలేదు. అమ్మ పక్కన పేక ఉండలు పెట్టుకున్న జాగా కనబడింది.

నా వంతు ముందే వచ్చింది. నీళ్ళ తొట్టి లెక్క. సుద్ద రెండుసార్లు విరిగింది, కాని చేశాను. లెక్కలసారు తలూపారు. వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఇంకా కొందరు చేశారు. ఒకరిద్దరు చేయలేక ఏడ్చారు.

తరువాత వదినె లేచింది. వడ్డీ లెక్క. దాన్ని ఆమె నిద్రలో కూడా చేస్తుంది. మొదటి మెట్టు రాసింది. రాసి, సుద్దతో బోర్డు మీద టక్ టక్‌మని రెండు దెబ్బలు కొట్టి ఆగింది.

ఆమెకు తాను కొట్టినట్టు కూడా తెలియదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచీ పక్కన ఒకరు లేకుండా ఏ పనీ చేయలేదు. ఆమె సగం అయింది, ఇంకో సగం కోసం ఆగింది. తిరిగి కొట్టేవాళ్ళు లేరు. ఆమె వీపు బిగుసుకుపోవడం నాకు కనబడుతూనే ఉంది. రెండో మెట్టు ఆమెకు రాక కాదు. బట్ట వంకరపోతుందని.

నా చేయి దానంతటది లేచింది. బెంచీ మీద రెండు కొట్టాను.

వదినె వెంటనే రెండో మెట్టు రాసింది. మళ్ళీ కొట్టింది. నేనూ కొట్టాను. మూడోది రాసింది. జవాబు వేసి గీత గీసింది. అంతా కలిపి నిమిషం కూడా పట్టి ఉండదు. జవాబు పువ్వులా వచ్చింది. నా ముఖంలో నవ్వు కూడా వచ్చే ఉంటుంది, పిచ్చిదాన్ని.

“ఆహా,” అన్నారు పెద్దసారు. ఇన్ని రోజులుగా వెతుకుతున్నది దొరికిన ఆనందం ఆయన ముఖంలో. “తంతి. టెలిగ్రాము పంపుతున్నారు. జవాబులు గోడల్లోంచి ఎట్లు పోయినవో ఇప్పుడు అవగతమైనది.”

నేను లేచి నిలబడ్డాను. “నేనేం చెప్పలే సార్. ఆమె కొట్టింది, నేను గుడ కొట్టిన. గంతే సార్.”

“ఎందుకు కొట్టితివి?”

“మగ్గం మీద గట్లనే కొడ్తం సార్.”

“ఇది మగ్గమా?”

లెక్కలసారు గొంతు సవరించుకున్నారు. “సార్, లెక్క మాత్రం రైటే చేసింది సార్,” అన్నారు.

“చెప్పగా చేసినది రైటు కాక తప్పు వచ్చునా?” అన్నారు పెద్దసారు.

రెండు దెబ్బల్లో వడ్డీ లెక్క ఎలా పంపుతారని ఎవరూ అడగలేదు. రెండు దెబ్బలు వడ్డీనా, అసలా, కాలమా? ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం పెద్దసారు బల్ల మీద ఉన్న గంట తీసి ఆయన నెత్తిన కొట్టాలనిపించింది.

తీర్పు కూడా ఆయన పుస్తకం ప్రకారమే వచ్చింది. చూపించినవాళ్ళది బుద్ధితక్కువతనం, చూసి రాసినవాళ్ళది దొంగతనం. నేను సొంతంగా బోర్డు మీద చేశాను కనుక మూడు బెత్తం దెబ్బలతో నా పేరు పోతుంది. వదినె పేరు పోదు. తివాచీ లెక్క మొదట సరిగ్గా చేసినదీ, గుంజుకపోదని చెప్పినదీ ఆమె ఒక్కతే. ఆ సంగతి నేను ఏడుస్తూ చెప్పాను. అయితే తెలిసి తెలిసి తప్పు రాయడం ఇంకా పెద్ద నేరమన్నారు.

తాత, మా బాపు, వదినె వాళ్ళ నాయన ముగ్గురూ కలిసి బడికి పోయారు. తాత తనతో ఒక పంజా తీసుకుపోయి, దెబ్బ ఎందుకు కొడతామో చూపించబోయాడట. బడిలోకి ఇనుప సామాను తేవద్దని అటెండరు గేటు దగ్గరే ఆపేశాడు. లోపలికి పోయినవాళ్ళకు పెద్దసారు, వచ్చే ఏడు చూద్దాం అన్నారట. మా ఇళ్ళల్లో ఆడపిల్లకు వచ్చే ఏడు అనేది ఉండదని ఆయనకు ఎవరు చెప్పాలి?

“పోనీ తీయ్, ఫికర్ చెయ్యకు,” అని వాళ్ళ నాయన తిరుగుదారిలో మా బాపుతోనే అన్నాడట. ఓదార్చాల్సింది ఎవరిని ఎవరో కూడా తెలియని రోజు అది.

వారం తిరగకుండా వదినె మా ఇంటికి వచ్చింది. వాళ్ళ మగ్గానికి జోడు ఉంది, మా మగ్గానికి లేదు. అమ్మ పేక ఉండలు తీసి పక్కన పెట్టింది. వదినె ఆ జాగాలో కూర్చుంది. ఆగిపోయిన పెద్ద జంపఖానా మళ్ళీ మొదలైంది. బాపు ముఖం తేటపడింది. అమ్మ ఆమెకు రోజూ తన పళ్ళెంలోంచి ఒక ముద్ద ఎక్కువే పెట్టేది. నేను కూర్చోవలసిన చోట వదినెను చూస్తుంటే నాకు సిగ్గు కాదు, కడుపు రగిలిపోయేది. పెద్దసారు మీద, బడి మీద, ఆ నిమిషంలో ఊరుకోలేకపోయిన నా చేతి మీద.

ఆ మంట కొంచెం చల్లారాక ఒకనాడు లెక్కల పుస్తకం పట్టుకుని మగ్గం దగ్గరికి పోయాను. గోడ మీద సదువులు బంద్ అని తాతకు సంఘంవాళ్ళు చెప్పేశారు. పోనీ, గోడ లేకపోతే వదినె ఉంది కదా అనుకున్నాను. ఎప్పటిలాగే ఆమెకు వినబడేలా లెక్క పైకి చదివాను. మొదటి మెట్టు చెప్పి ఆగాను.

వదినె పేక నింపుకుంటూ తలెత్తలేదు.

“వదినె, తర్వాత ఏం చెయ్యాలె?” అన్నాను.

“నీది నువ్వు సదువుకో,” అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను తిరిగి అనేదాన్ని, ఇద్దరం ఏడ్చేవాళ్ళం, అయిపోయేది. పెద్దసారు అన్నేళ్ళు అరిచి చెప్పిన పాఠాల్లో మా వాడలో ఎవరికైనా పూర్తిగా వంటబట్టింది అదొక్కటే. నేను పుస్తకం మూసి బయట గడప మీద కూర్చున్నాను. ఆ లెక్క ఒక్కదాన్నే చేసుకున్నాను.